ఊ కొట్టని దిష్టిబొమ్మ

అనగనగా ఒక అడవిలో, మరీ పులులు దారి తప్పేంత అడవి కాదులే, పుల్లలకు వెళ్ళినవాళ్ళు అన్నం వేళకు ఇల్లు చేరేంత అడవిలో, పైడయ్య అనే ఏదుపంది ఉండేవాడు. ఒళ్ళంతా బారెడు ముళ్ళు. లోపల మాత్రం వెన్నపూస. ఎవరైనా కాస్త మెచ్చుకుంటే చాలు, కరిగి నీరయ్యేవాడు. భార్య పేరు నూకాలు. కూతురు ముత్యాలు, అప్పటికింకా మాటలు రాని పసిపిల్ల.

పైడయ్యకు కొండవాలులో చాపంత నేల ఉంది. చాపంతంటే నిజంగా చాపంతే. నూకాలు నడుం వాలిస్తే తల ఒక గట్టుకీ, తోక ఇంకో గట్టుకీ తగిలేవి. అందులో చిలగడదుంపలు వేశాడు. బెల్లం ముక్కల్లాంటి దుంపలు పడ్డాయి. ముగ్గురూ కడుపునిండా తినేవారు. సాయంత్రమయ్యేసరికి పైడయ్య కూతుర్ని ముందు కూర్చోబెట్టుకునేవాడు. ఆ పిల్ల కథ చెప్పేది.

"బబ్బబ్బా."

"ఊ" అనేవాడు పైడయ్య.

"అత్తత్తా!"

"ఊ! ఆ తర్వాత?"

కథ చెప్పేవాళ్ళకు ఊ కొట్టేవాళ్ళు ఉండాలి కదా. లేకపోతే కథ కదలదు. మీరు కూడా కొడుతూ ఉండండి మరి, నిద్రపోయారేమో అనుకుంటాను.

ఒకరోజు అప్పన్న అనే నక్క అటు వచ్చాడు. ఊరికే సలహాలిచ్చుకుంటూ తిరగడం అప్పన్న పని. అందులో అతనికి దమ్మిడీ లాభం లేదు. అలాంటివాళ్ళతోనే మరీ జాగ్రత్తగా ఉండాలి.

"బావా, ఈ దుంప నువ్వు పండించిందేనా? ఆహా! ఇంత మంచి చెయ్యి పెట్టుకుని చాపంత నేలలో చతికిలబడ్డావా?" అన్నాడు అప్పన్న. "నీలాంటివాడికి బాతులుండాలి."

"బాతులెందుకు బావా?"

"ఎందుకేమిటి? హోదాకి!"

ఏదుపందులకు చెట్టెక్కడం రాదు. అయినా అప్పన్న పైడయ్యను ఆ పూటే మునగచెట్టు ఎక్కించేశాడు. పైడయ్య వాగు దగ్గరికి పరిగెత్తి బాతుల్ని పిలిచాడు. బాతులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. "ఇంతగా పిలిచాక రామంటే బాగుంటుందా బాబాయ్" అని వచ్చేశాయి. వచ్చాక గుంట కావాలన్నాయి. పైడయ్య గుంట తవ్వాడు. గుంటలో నీళ్ళు దుంపల మళ్ళోకి ఊరాయి. ఆ నీళ్ళు తోడడం ఒక పని అయింది.

మళ్ళీ అప్పన్న వచ్చాడు. "గుంటుంది, పువ్వుల్లేవు. పువ్వులు వేసి తేనెటీగల్ని పెట్టు బావా" అన్నాడు. పైడయ్య బంతి మొక్కలు వేసి తేనెటీగల్ని పిలిచాడు. రాణీగ ఒక షరతు పెట్టింది. "మాది మర్యాదస్తుల కుటుంబం. రోజూ పొద్దున్నే వచ్చి 'క్షేమమా' అని అడగాలి. అందర్నీ కలిపి అడిగితే ఒప్పుకోం. ఒక్కొక్కరినీ అడగాలి" అంది. పైడయ్య తెల్లారకముందే మొదలుపెట్టేవాడు. సగం తేనెపట్టు అయ్యేసరికి ఎవర్ని అడిగాడో ఎవర్ని అడగలేదో మర్చిపోయేవాడు. మళ్ళీ మొదటి ఈగ దగ్గర్నుంచి అందుకునేవాడు.

ముచ్చటగా మూడోసారి వచ్చాడు అప్పన్న. "అన్నీ ఉన్నాయి, పాడి లేదు" అన్నాడు. అంతే, బంగారమ్మ అనే గేదె వచ్చింది. బంగారమ్మ పాలిస్తుంది గానీ, పాలు పిండేటప్పుడు తన వంశం కథ చెబుతుంది. ఎవరైనా ఊ కొట్టకపోతే పాలు ఎగబట్టేస్తుంది.

"మా ముత్తవ్వ ఒకసారి తుమ్మితే ఎదురుగా ఉన్న కొండ ఓరగా జరిగింది."

"ఊ."

"నాయనా, పాలు పిండు. నన్ను గుచ్చకు. ఆ ముళ్ళు కాస్త అటు తిప్పుకో."

"ఊ."

పిండిన పాలు ఏదుపందులు తాగవు. బాతులు తాగవు. తేనెటీగలు అసలు తాగవు. పారబోయడానికి మనసొప్పక పైడయ్య వాటిని మళ్ళీ బంగారమ్మకే పోసేవాడు. బంగారమ్మ తాగి, "పలచగా ఉన్నాయి" అనేది.

తీరిక దొరికినప్పుడు బంగారమ్మ బంతిపువ్వులు మేసేది. తేనెటీగలకు కోపం వచ్చి బంగారమ్మను కుట్టేవి. బంగారమ్మ వెళ్ళి గుంటలో దూకేది. గుంటలో నీళ్ళన్నీ గట్టుమీదికి వచ్చేవి, నీళ్ళతోపాటు బాతులూ వచ్చేవి. పైడయ్య కాలుగాలిన పిల్లిలా బాతుల్ని గుంటలోకీ, గేదెను గట్టుమీదికీ మోసేవాడు. ఏదుపంది గేదెనెలా మోస్తుందని అడక్కండి. అదే నేనూ చెబుతున్నది.

ఇక దుంపల మడి చూసేదెవరు? అడవిపందులు రాకుండా పైడయ్య ఒక దిష్టిబొమ్మను పెట్టాడు. రెండు కర్రలు అడ్డంగా కట్టి, చిల్లికుండకు సున్నంతో కళ్ళు పెట్టి బోర్లించాడు. తన పాత కండువా మెడలో వేశాడు. రాలిపోయిన తన ముళ్ళే ఏరి ఒళ్ళంతా గుచ్చాడు. అచ్చం పైడయ్యే. నిజం చెప్పాలంటే పైడయ్య కన్నా ఓ పిసరు బాగుంది. మొహంలో అలసట లేదు.

కొన్నాళ్ళకు బాతులు తమ కష్టాలు దిష్టిబొమ్మతోనే చెప్పుకోసాగాయి. నూకాలు కూడా ఒకటి రెండుసార్లు దాని ముందే గంజి గిన్నె పెట్టి వెళ్ళింది. పైడయ్య పొలం పేరు అడవంతా మోగింది. అడవికి పెద్దయిన ఏనుగు వీరన్న సన్మానం చేస్తానంటూ దండ పట్టుకుని బయల్దేరాడు. తిన్నగా వచ్చి దిష్టిబొమ్మ మెడలో వేశాడు.

"చూశారా!" అన్నాడు వీరన్న చుట్టూ చేరినవాళ్ళతో. "ఇంత సేద్యం చేస్తూ కూడా పైడయ్యగారి మొహంలో కంగారన్నది లేదు. మనిషంటే అలా నిబ్బరంగా ఉండాలి!"

సరిగ్గా అప్పుడే పైడయ్య నెత్తిన పేడగంపతో అటు పరిగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్, ఎవడివిరా నువ్వు? అయ్యగారికి దండ వేస్తుంటే పేడగంపేమిటి? పక్కకు జరుగు!" అని గదిమాడు వీరన్న.

అందరూ చప్పట్లు కొట్టారు. పైడయ్యకు 'నేనే పైడయ్యని' అందామనిపించింది. పెద్దాయన్ని నలుగురిలో తప్పుపట్టడం ఏం బాగుంటుందని ఊరుకున్నాడు. గంప దించి, తనూ చప్పట్లు కొట్టాడు.

ఇది విని నూకాలు తల పట్టుకుంది. "చాలయ్యా! నీకు గంజి తాగే తీరిక లేదు, నాకు నీతో మాట్లాడే యోగం లేదు. బాతులో, ఈగలో, గేదో, కొన్నింటినైనా పంపించెయ్యి. మన దుంపలు మనకు చాలు."

"పంపేస్తే నలుగురూ ఏమంటారే?" అన్నాడు పైడయ్య. "పైడయ్యకు చేతకాలేదంటారు. పైగా పాపం, నన్ను నమ్మి వచ్చినవాళ్ళు. పొమ్మంటే ఎంత బాధపడతారు!"

అప్పన్న గుమ్మంలోనే ఉన్నాడు. "తగ్గించుకోవడమా? తప్పు తప్పు! నువ్విప్పుడు ఒంటెను తేవాలి బావా."

"ఒంటె దేనికి?"

"ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు కదా!"

ఉన్నవి తగ్గించుకోవాలా, ఒంటెను తేవాలా? పైడయ్య ఎటూ తేల్చుకోలేక బుర్ర గోక్కున్నాడు. ముల్లు గుచ్చుకుంది. అంతలో పాలవేళ అయింది. చెంబు పట్టుకుని పరిగెత్తాడు.

దారిలో దుంపల మడి దగ్గర ఎవరో మాట్లాడుతున్నారు. ఆగి చూశాడు. ముత్యాలు! ఎప్పుడు నడక వచ్చిందో, ఎప్పుడు మాటలు వచ్చాయో, చక్కగా దిష్టిబొమ్మ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నాన్నా, ఇవాళ చీమ జారిపడింది. నేను లేపాను. మళ్ళీ జారిపడింది" అని కుండ వైపు చూసి ఆగింది. కుండ ఏమీ అనలేదు. పిల్ల నిట్టూర్చింది.

పైడయ్య దగ్గరికి వెళ్ళాడు. "అమ్మీ, అది బొమ్మ. నాన్నని నేను."

ముత్యాలు అతణ్ణి ఎగాదిగా చూసింది. "కాదు. నువ్వు పరిగెత్తే మావయ్యవి. మా నాన్న ఎక్కడికీ పోడు. రోజూ ఇక్కడే ఉంటాడు. నేనేం చెప్పినా వింటాడు." గొంతు తగ్గించి అంది. "ఊ మాత్రం కొట్టడు. నా చిన్నప్పుడు కొట్టేవాడు."

పైడయ్య నోరు తెరవబోయాడు. సరిగ్గా అప్పుడే పాకలోంచి బంగారమ్మ కేక వినిపించింది. "నాయనా! మా ముత్తవ్వ కథ సగంలో ఆగింది. ఊ ఏదీ?"

"ఊ!" అన్నాడు పైడయ్య అలవాటుగా, పాకకేసి తిరిగి. కాళ్ళు వాటంతటవే పరుగందుకున్నాయి.

నాలుగడుగులు వేశాడో లేదో, ఆగిపోయాడు. తన ఊ ఎటు పోయిందో అప్పుడు తెలిసింది. కొండను జరిపిన గేదె ముత్తవ్వకు రోజూ ఊ కొట్టాడు. చీమను లేపిన కన్నకూతురికి ఒక్కటి కొట్టలేదు. చెంబు కింద పెట్టి, అక్కడే నిలబడి భోరున ఏడ్చాడు. ఏడిస్తే ఏడ్చాడు గానీ, ఆ ఏడుపుతో బుద్ధి కూడా వచ్చింది.

తిన్నగా పాకకు వెళ్ళాడు. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "బంగారమ్మత్తా, ఏమీ అనుకోకు. నా వల్ల కావడం లేదు. నువ్వు... నువ్వు వెళ్ళిపోతావా?"

బంగారమ్మ కొండ ఓరగా జరిగేంత నిట్టూర్పు విడిచింది. "బతికించావు నాయనా! వచ్చిన నాటినుంచీ పోదామనే చూస్తున్నాను. ఒళ్ళంతా నీ ముళ్ళే. నువ్వు బాధపడతావని ఉండిపోయాను."

ఈ మాట గుంటలో బాతుల చెవిన పడింది. "అయితే మేమూ వెళ్ళొచ్చా బాబాయ్? వాగు వదిలి ఈ బురదలోకి మొహమాటానికే వచ్చాం" అన్నాయి. రాణీగ బయటికి వచ్చి, "ఆ క్షేమసమాచారాలు మాకూ విసుగేనయ్యా. ఏం షరతు పెడితే నువ్వే వద్దంటావా అని ఆలోచించి ఆలోచించి అది పెట్టాం. నువ్వేమో సరేనన్నావు!" అంది.

అదీ సంగతి. వద్దనలేక వాళ్ళు వచ్చారు, పొమ్మనలేక ఇతను ఉంచాడు. పొలమంతా మొహమాటం మీదే నడిచింది. ఇద్దరిలో ఒకరు ముందే నోరు విప్పితే ఎంత బాగుండేది! అందరూ ఒకరికొకరు దణ్ణాలు పెట్టుకుని, చీకటి పడకముందే ఎవరి దారిన వాళ్ళు పోయారు.

పైడయ్య మడి దగ్గరికి వచ్చాడు. ముత్యాలు ఇంకా అక్కడే ఉంది. అతను మెల్లగా వెళ్ళి దిష్టిబొమ్మ పక్కన కూర్చుని, కదలకుండా ఉండిపోయాడు. పిల్ల ఒకసారి ఇతని వైపు చూసింది, ఒకసారి కుండ వైపు చూసింది. కథ మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇవాళ చీమ జారిపడింది."

"ఊ" అన్నాడు పైడయ్య.

ముత్యాలు ఉలిక్కిపడింది. కుండ మూతి దగ్గర చెవి పెట్టి చూసింది. అందులోంచి రాలేదు. అనుమానంగా ఇంకో మాట అంది. "నేను లేపాను."

"ఊ! ఆ తర్వాత?"

పిల్ల లేచింది. దిష్టిబొమ్మ మెడలోని దండా, కండువా లాగి తీసుకొచ్చి పైడయ్య మెడలో వేసింది. అతని ముళ్ళు జాగ్రత్తగా ఒక పక్కకు సర్ది, ఒళ్ళో కూర్చుంది. "మళ్ళీ జారిపడింది నాన్నా" అంది. ఆ రాత్రి ఆ చీమ ఎన్నిసార్లు పడిందో, అన్నిసార్లూ ఊ కొట్టాడు పైడయ్య.

మరి దిష్టిబొమ్మో? దాన్ని అడవి దారిలో నిలబెట్టారు. అప్పన్న ఇప్పటికీ రోజూ వచ్చి దానికే చెబుతుంటాడు, ఒంటె ఎంత మంచిదో. అది ఊ కొట్టదు, ఊహూ అనీ అనదు. బావ ఇంకా ఆలోచిస్తున్నాడు కాబోలనుకుని, మర్నాడు మళ్ళీ వస్తాడు.

నీతి: నలుగురి మెప్పు కోసం, మొహమాటం కోసం పెంచుకున్న సేద్యం ఎంత పండినా బంజరే, ఇంట్లోవాళ్ళ మాటకు ఊ కొట్టే తీరిక మిగిల్చేదే మన చేతికి తగిన సేద్యం.