నీళ్ళు పోస్తేనే తెలిసే కుండ

అనగనగా, మబ్బులు దారి తప్పి ఇళ్ళలోకి వచ్చేసే ఒక కొండ ఊరుండేది. కొండ అడుగున కుమ్మరివాడ, కొండ కొమ్మున రాజవైద్యుడు భైరవాచారి ఇల్లు. నడుమ నూట ఎనిమిది మెట్లు.

కుమ్మరి ఆదెమ్మకు డెబ్భై దాటాయి. కుండల గంప నెత్తిన పెట్టుకుని ఆ మెట్లెక్కడం చిన్ననాటి నుంచీ అలవాటే. కానీ ఆ ఏడు, నలభయ్యో మెట్టుకు రాగానే గుండెల మీద ఎవరో రోలు పెట్టినట్టుండేది. దవడ లాగేది, ఒళ్ళంతా చెమట పట్టేది. ఏదో ఒకరోజు ఈ మబ్బులోనే, ఎవరికీ కనబడకుండా పోతానేమోనని ఆమెకు భయం పట్టుకుంది. ఆమెకు ఇంకా బతకాలని ఉంది. డెబ్భై దాటితే ఆ ఆశ ఉండదని ఎవరన్నారు?

ఆచారిగారి ఇంట ఒక నియమం ఉంది. వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి, ఆయాసం తీరాకే ఆయన నాడి పట్టేవాడు. తాతల నాటి నియమం, తప్పడానికి వీల్లేదు.

మొదటిసారి నాడి చూసి, "ఏమీ లేదు, వయసు మీద పడింది" అన్నాడు.

రెండోసారి, "వాతం. మినుములు మానెయ్" అన్నాడు. ఆదెమ్మ మినుములు మానేసింది. రోలు మాత్రం దిగలేదు.

మూడోసారి ఆమె నోరు విప్పకముందే నవ్వాడు. "నీ నాడి పడుచుపిల్ల నాడిలా ఉంది. తోచక ఏవేవో ఊహించుకుంటున్నావు. ఇక రాకు."

"ఊహకు చెమట పడుతుందా అయ్యా?" అని అడిగింది ఆదెమ్మ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆయన అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం కుండలు చేసే సారె పక్కన ఆమెకు కునుకు పట్టింది. కలలో కుండలన్నీ మబ్బుల మీద తేలుతూ మెట్లెక్కుతున్నాయి. ఒక్క కుండ నలభయ్యో మెట్టు దగ్గర ఆగి, "అవ్వా, నాలో నీళ్ళు పోసి చూడవా?" అని అడిగింది. ఆదెమ్మ నవ్వుకుంటూ లేచింది.

వారం తిరగకుండా ఆచారే కుమ్మరివాడకు దిగివచ్చాడు. రాజుగారి కషాయానికి కుండను వైద్యుడే తన చేత్తో ఎంచుకోవాలి. ఒకదాన్ని వేలితో కొట్టి చూశాడు. ఖంగుమంది.

"ఇది ఇయ్యి."

"అది పగులున్న కుండ అయ్యా. నేను వాడి చూశాను."

"ఇంత బాగా మోగుతుంటే పగులెక్కడిది?"

ఆదెమ్మ కుండ నిండా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. కాసేపు ఏమీ లేదు. సెగ తగిలేసరికి అడుగున సన్నటి తడి గీత తేలింది. చుక్కలు రాలి నిప్పు చుయ్యిమంది.

"ఊరికే కూర్చున్న కుండ బాగానే మోగుతుందయ్యా. బరువూ సెగా తగిలితేనే దాని గుట్టు తెలిసేది. తమరు నన్ను ఎప్పుడూ అరుగు మీద కూర్చోబెట్టి, చల్లార్చి చూశారు. ఒక్కసారి నాతో మెట్లెక్కి నాడి పట్టండి."

ఇద్దరూ ఎక్కారు. నలభయ్యో మెట్టు దగ్గర ఆదెమ్మ ఆగిపోయింది. ఆ మబ్బులోనే ఆచారి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నాడి రెండడుగులు పరుగెత్తి, ఆగి, మళ్ళీ తడబడుతోంది. ఈసారి చెమట ఆయనకు పట్టింది. ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టి ఉత్తరీయంతో విసిరాడు.

"మూడుసార్లు వచ్చావు తల్లీ. చెయ్యి పట్టుకున్నానే గాని నీ మాట వినలేదు. తప్పు నాదే."

ఆనాటి నుంచీ గంప ఆమె నెత్తికెక్కలేదు. రోజూ మందు పట్టుకుని ఆచారే మెట్లు దిగేవాడు. ఆదెమ్మ ఇంకా చాలా వానాకాలాలు చూసింది.

ఆ పగులున్న కుండను ఆయన తెచ్చి తన అరుగు మీదే పెట్టుకున్నాడు. ఎవరొచ్చినా దానివైపోసారి చూసి, "నొప్పి ఎప్పుడొస్తుంది, ఎలా వస్తుంది, ముందు నువ్వు చెప్పు" అనేవాడు. తర్వాతే నాడి.

నొప్పి పడేవారి మాట విననివాడికి ఏ నాడీ నిజం చెప్పదు.