నీటికాకి ఇచ్చిన నూనె

ఒకప్పుడు నీటికాకి ఒంటి మీద నీటిచుక్క నిలిచేది కాదు. తామరాకు మీద పడ్డట్టే జర్రున జారిపోయేది. దాని తోక మొదట్లో ఒక నూనె బుడ్డి ఉండేది. అన్ని పిట్టలకూ ఉంటుంది గానీ దీనిది మరీ నిండు బుడ్డి. పొద్దున లేవగానే ముక్కుతో ఆ నూనె తీసి ఈకలన్నిటికీ పట్టించేది. తలంటుకున్న పెళ్లికూతురిలా నిగనిగలాడుతూ నీళ్ల మీద కూర్చునేది.

కూర్చునేదంతే. మునగలేకపోయేది.

ఎండిన సొరకాయ బుర్రను నీళ్లలోకి నొక్కితే ఏమవుతుంది? టపీమని పైకి లేస్తుంది. నీటికాకీ అంతే. కింద చేపలు తోకలు ఊపుకుంటూ తిరుగుతుంటే, పైనుంచి చూసి గుటకలు మింగేది.

“ఏమే నల్లపిల్లా, ఈ పూట ఏం తిన్నావు? నీ నీడ తిన్నావా?” అని బాతులు ఎగతాళి చేసేవి.

అది చాలా పెద్ద సరస్సు. చుట్టూ కొండలు, కొండల మీద అడవి. కోతలు అయిపోయి చేతులు ఖాళీ అయ్యాక ఊళ్ల నుంచి జనం అక్కడికి వచ్చేవాళ్లు. కాలిబాటల వెంట అడవంతా తిరిగేవాళ్లు. ఒడ్డున గుడారాలు వేసుకుని, రాళ్లపొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. పిల్లలకు మాత్రం పడవ ఎక్కితేనే వచ్చినట్టు.

ఆ పడవ సింగారవ్వది. అవ్వ తల ముగ్గుబుట్ట అయిపోయింది గానీ, తెడ్డు పట్టిందంటే పడుచువాళ్లు కూడా ఆమె ముందు చాలరు. ఆమెకున్న దిగులల్లా ఒకటే. మతిమరుపు.

మరిచిపోకూడని పని ఏదన్నా ఉంటే చీర కొంగుకు ముడి వేసుకునేది. మొదట్లో అది బాగానే పనిచేసింది. తర్వాత తర్వాత ముడి ఉండేది, ఎందుకు వేసిందో మాత్రం గుర్తుండేది కాదు. “ఈ సంగతి బయటపడితే నా పడవ ఎవరెక్కుతారు? నీళ్ల మీదికి వెళ్లకుండా నేనెట్లా బతకను?” అని లోలోపల కుమిలిపోయేది. ఆ మాట ఒక్క నీటికాకికే చెప్పుకునేది.

ఎందుకంటే మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు రోజూ దాని వాటా దానికి పెట్టేది. రెండు చిన్న చేపలు, ఇంత సంగటి. అన్నం తినడమన్నా మరిచేదేమో గానీ, పిట్టకు పెట్టడం ఒక్కనాడూ మరవలేదు.

ప్రతి ఏడూ జనం రాకముందే అవ్వ పడవను ఒడ్డుకు లాగి, ఒక పక్కకు ఒరిగించేది. నీళ్లు లోపలికి రాకుండా పలకల సందుల్లో గుడ్డపేలికలు కుక్కి, నూనెతో కాచిన గుగ్గిలం పూసేది. అది ఆరాక రెండో పక్కకు తిప్పి, అటూ పూసేది. ఆ ఏడు ఒక పక్క పూసేసరికే పొద్దువాలింది. “రెండో పక్క రేపు” అనుకుని కొంగుకు ముడి వేసింది.

తెల్లారి ముడి చూసుకుంది. “ఇదెందుకబ్బా? ఆఁ, ఉప్పయిపోయింది కాబోలు!” అని కొండ దిగి సంతకు వెళ్లి ఉప్పు తెచ్చింది. వచ్చి చూస్తే కుండ నిండా ఉప్పే! “అయితే ఉప్పు కాదన్నమాట” అనుకుని, ఆ ముడిని అలాగే ఉంచేసింది. పడవ చూస్తే నిగనిగలాడుతోంది. పూసిన పక్కే కదా ఆమె వైపు ఉంది! నీళ్లలోకి తోసేసింది.

అంతలో భూషయ్య, అతని పెళ్లాం కనకం, వాళ్ల చిన్నకూతురు చుక్కమ్మ వచ్చారు.

“అవ్వా, మా పిల్ల సరస్సు నడిమధ్యకు పోవాలంటోంది. తీసుకెళ్తావా?”

“ఎక్కండి నాయనా. ఒసేయ్ పిల్లా, చేపను చూసి దూకేవు! నువ్వు దాని కూరకు చాలవు.”

చుక్కమ్మ కిలకిలా నవ్వింది. పడవ కదిలింది. పక్కనే నీటికాకి తేలుతూ వచ్చింది.

నడిమధ్యకు వెళ్లాక చుక్కమ్మ కిందికి చూసి చప్పట్లు కొట్టింది. “అవ్వా! సరస్సు మన పడవలోకీ వచ్చింది!”

అవ్వ చూసింది. చీలమండల దాకా నీళ్లు. కొంగున ఉన్న ముడి వైపు చూసింది. “అయ్యో! రెండో పక్క!”

భూషయ్య అన్నం గిన్నెతో నీళ్లు తోడి పోయసాగాడు. కనకం బిడ్డను నడుముకు కట్టుకుంది. అవ్వ వంగి తడిమితే, ఒక సందులో పాత గుడ్డ ఊడిపోయి ఉంది. పళ్లతో కొంగు చింపి, ఆ ముడిని ముడిగానే సందులోకి కుక్కింది. నీళ్లు తగ్గాయి గానీ ఆగలేదు.

“ఉత్త గుడ్డ నీళ్లను ఆపదు. ఇంత నూనె ఉంటే చాలును” అని అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది.

నీటికాకి రివ్వున ఎగిరి పడవలోకి దిగింది.

“ఏయ్, ఆగు! ఆ నూనె పోతే నువ్వు తడిసి ముద్దవుతావు. మునిగిపోతావు!” అని బాతులు అరిచాయి.

“నా వాటా ఏనాడూ మరవని మనిషిని నేను మరుస్తానా?” అంది నీటికాకి.

తన నూనె బుడ్డి అంతా ఆ ముడి మీద పిండేసింది. చాల్లేదు. ఒక్కొక్క ఈకనూ ముక్కుతో దువ్వి, ఉన్న జిడ్డంతా తెచ్చి పూసింది. ముడి బిగిసింది. నీళ్లు ఆగాయి.

“పదవ్వా” అని నీటికాకి ఎప్పటిలాగే నీళ్లలోకి దూకింది. బుడుంగుమని మునిగిపోయింది!

“అయ్యో, నా తల్లీ!” అని అవ్వ తెడ్డు వదిలేసి నీళ్లలోకి చెయ్యి చాపింది. పైకి ఏమీ రాలేదు.

కాసేపటికి పడవకు అవతల నీళ్లు చీలాయి. నీటికాకి తల పైకొచ్చింది. ముక్కున గిలగిల కొట్టుకుంటూ ఇంత పొడుగు చేప!

దాన్ని గుటుక్కున మింగి, బాతుల వైపు తిరిగింది. “నా నీడ తినమన్నారుగా? నీడ కింద ఇన్ని ఉన్నాయని చెప్పలేదేం?”

ఒడ్డు చేరాక అవ్వ తలవంచుకుంది. “తప్పు నాదే నాయనా. రెండో పక్క పూయడం మరిచాను. నాకు ఏదీ గుర్తుండడం లేదు. ఇక నా పడవ ఎక్కకండి.”

భూషయ్య ఆమె చేతిలోని తెడ్డు అందుకున్నాడు. “గుర్తుంచుకోవలసిన వాళ్లను గుర్తుంచుకున్నావు కదవ్వా. అందుకే ఇవాళ నా బిడ్డ ఒడ్డున ఉంది. పద, ఆ రెండో పక్క ఇద్దరం కలిసి పూద్దాం. గుగ్గిలం ఎక్కడుంది?”

“అది కూడా మరిచిపోయాను” అంది అవ్వ. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది.

చుక్కమ్మ అవ్వ చిరిగిన కొంగు పట్టుకుని అడిగింది. “ఇక ముడి ఎక్కడ వేసుకుంటావు అవ్వా?”

ఒడ్డున ఒక ఎండిన మోడు ఉంది. నీటికాకి దాని మీద కూర్చుని గజగజా వణుకుతోంది. ఈకల్లోంచి నీళ్లు కారుతున్నాయి. సూర్యుడు చూసి, “ఇలా చాపు తల్లీ, నేను ఆరబెడతాను” అన్నాడు. నీటికాకి ఒక రెక్క చాపింది. అవ్వ వైపు ఒకసారి చూసి, రెండో రెక్క కూడా చాపింది.

“ఇక నాకు ముడెందుకే పిల్లా!” అంది అవ్వ, రెండు చేతులూ ఎత్తి దండం పెడుతూ. “అదిగో, ఆ రెక్కలు చాపి, రెండు పక్కలూ పూశావా అవ్వా అని అడగట్లా?”

ఆ నూనె బుడ్డి మళ్లీ మునుపటిలా నిండలేదు. అప్పటినుంచే నీటికాకి నీళ్లలో మునిగి కడుపునిండా చేపలు తింటుంది. తిన్నాక ఒడ్డున ఏ మోడో ఎక్కి, రెక్కలు బారా చాపి ఎండకు ఆరబెట్టుకుంటుంది. మీరు ఏ సరస్సుకు వెళ్లినా చూడండి. ఒక్క రెక్క చాపి ఊరుకోదు. ఎప్పుడూ రెండు పక్కలూ.