సుంకమ్మ మడమకి తెలిసిన దెబ్బ

అబ్బా, ఈ మడమలు చూడు వరాలూ, ఎట్లా పగిలాయో. కాసేపు ఒత్తు, కథ చెప్తాను. మధ్యలో ప్రశ్నలేస్తే మాత్రం నా వల్ల కాదు, ఇవ్వాళ ఓపిక లేదు.

అనగనగా ఒక ఊళ్ళో, ఊళ్ళో కూడా కాదులే, ఊరి బయట బండనేల మీద, ఓబన్న, సుంకమ్మ అని మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు. బావులు తవ్వడం వాళ్ళ పని. ఓబన్న అడుక్కి దిగి రాయి కొట్టేవాడు. సుంకమ్మ గట్టు మీద నిలబడి, రాళ్ళ తట్టని గిలక మీద మోకుతో పైకి లాగేది. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా అదే పని.

బావి లోతైతే మాట పైకి రాదు, మధ్యలోనే చెదిరిపోతుంది. రాతి మీద కొట్టిన దెబ్బ మాత్రం రాతిలోంచి సూటిగా వస్తుంది. అందుకని వాళ్ళకి దెబ్బలే మాటలు. ఒక్కటి కొడితే తట్ట లాగమని. రెండు కొడితే మోకు వదలమని. పైనుంచి సుంకమ్మ మూడు కొడితే రాయి పడుతోంది, గూట్లో దూరమని. బావి గోడలో మనిషి పట్టేంత గూడు ఒకటి తొలిచి ఉంచుకుంటారులే. ఆ మూడు దెబ్బలతో ఎవరూ పరాచికాలాడరు.

సుంకమ్మ చెప్పుల్లేకుండా బండ మీద నిలబడేది. దెబ్బ ఆమెకి చెవి కంటే ముందు మడమకి తెలిసేది. పదేళ్ళ నుంచీ అదే, లాగు, లాగు అంటూ. అది తగిలితే చాలు, ఒళ్ళంతా నీరసం కమ్మేది. చచ్చేదాకా ఈ లాగుడేనా అనుకునేది పాపం.

ఒకరోజు ఒక్క దెబ్బ తగిలింది. లాగింది. తట్టలో సగం కూడా రాళ్ళు లేవు. కింద నుంచి ఓబన్న ఏదో అరిచాడు. మాట తెలియలేదు గానీ తిట్టని తెలిసింది.

ఆ తర్వాత మళ్ళీ ఒక్క దెబ్బ. మళ్ళీ లాగింది. ఈసారి తట్ట ఒరిగి, రాయి ఒకటి ఓబన్న భుజం పక్కగా పోయింది. అప్పుడతను మోకు పట్టుకుని పైకొచ్చాడు.

"నన్ను చంపుదామనుకున్నావా ఏందే?"

"నువ్వు కొట్టావు, నేను లాగాను."

"నేను కొట్టలా."

ఇద్దరూ చెరో పక్కకి తిరిగి గంజికి కూర్చున్నారు. అప్పుడు మూడోసారి తగిలింది. బావిలో ఎవరూ లేరు. మరి కొట్టిందెవరు? గుక్కెడు గంజి తాగేంత సేపయ్యాక, ముంతలో గంజి దానంతటదే అటూ ఇటూ ఊగింది.

ఎవరో కాదే, భూమి. ఎక్కడో దూరాన భూమి కడుపులో బండ విరిగితే, ఆ కబురు మోసుకుని ముగ్గురు బయల్దేరతారు. మొదటిది పోటు. కింది నుంచి ఒక్క పొడుపు పొడిచి పోతుంది, పరుగెక్కువ, బలం తక్కువ. రెండోది ఊపు. పక్కలకి ఊగుతూ నిదానంగా వస్తుంది, వచ్చిందంటే గోడలు నిలవవు. దారి పొడుగయ్యేకొద్దీ ఊపు ఇంకా వెనకబడుతుంది. మూడోది ముసల్ది, నాలాంటిది. లోపల్నుంచి నడవలేదు, నేల పైపైనే దొర్లుకుంటూ ఆఖర్న వస్తుంది. అన్నీ పడగొట్టిపోయేది అదే.

సుంకమ్మకి ఇదంతా తెలీదు. పోటు వెనక ఊపొస్తుందని మాత్రం గంజిలో చూసింది. "ఇవ్వాళ దిగొద్దు," అంది.

ఓబన్న వినలేదు. అడుగున తడి తగిలింది, ఇంకో మూరెడు తవ్వితే నీళ్ళే. "లాగలేక సాకులు చెప్తున్నావు," అన్నాడు.

ఆమెకి మనసు చివుక్కుమంది. "అవును, లాగలేకే చెప్తున్నా," అంది. అతను దిగిపోయాడు.

పొద్దు వాలుతుండగా గట్టి పోటు తగిలింది. మడమల్లోంచి మోకాళ్ళ దాకా వచ్చింది. కింద సమ్మెట మోతలో ఓబన్నకి తెలియలేదు. ఊపు ఇంకా దారిలో ఉంది. సుంకమ్మ గడ్డపార తీసి బండ మీద మూడు దెబ్బలు కొట్టింది. మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. ఇదీ సాకే అనుకుంటాడేమో, గూట్లో దూరడేమో అని ఆమె భయం.

అప్పుడు ఊపొచ్చింది. గిలక కొయ్యలు విరిగిపోయాయి. ఆ వెనకే ముసల్ది దొర్లుకుంటూ వచ్చి, గట్టు రాళ్ళన్నీ బావిలోకి తోసింది. ఆ తర్వాత అంతా సద్దుమణిగింది.

సుంకమ్మ పిలిచింది. మాట కిందికి పోదని తెలుసు, అయినా పిలిచింది. మడమలు ఆనించి చూసింది. చాలక, బండకి చెంప ఆనించి పడుకుంది. ఎంత అలిసిపోయిందంటే ఏడవడానిక్కూడా ఓపిక లేదు.

అప్పుడు ఒక్క దెబ్బ తగిలింది. మళ్ళీ భూమేమో. బండ సందులో పెట్టిన ముంత వంక చూసింది. గుక్కెడు తాగేంత సేపు చూసింది. గంజి ఊగలేదు.

అది ఓబన్న దెబ్బే. లాగమని.

గిలక లేదు, మోకు మాత్రం విరిగిన కొయ్యకి చిక్కుకుని ఉంది. మోకు నడుముకి చుట్టుకుని, బండకి కాళ్ళు తన్నిపెట్టి లాగింది. పదేళ్ళలో విసుక్కోకుండా లాగింది అదొక్కసారే. అతని తల గట్టు మీదికొచ్చాక, "సాకనుకోలేదా?" అంది.

"మూడు కొట్టావు కదే," అన్నాడు.

ఇంక చాల్లే ఒత్తింది, నీ చేతులూ నొప్పెడతాయి. పడుకో.

పోటు రాతికి, ఊపు గోడకి,
చేద బావికి, నీళ్ళు ఊరికి,
కథ కంచికి, కళ్ళు కునుక్కి.