ఆకాశమ్మ చేసిన పెళ్లి పిలుపులు

ఒకప్పుడు ఆకాశం అసలు కదిలేది కాదు. కొత్తగా నులక బిగించిన మంచంలా బిర్రుగా ఉండేది. చుక్కలన్నీ దాని మీద దర్జాగా కూర్చునేవే కానీ, "ఎలా ఉన్నావమ్మా?" అని ఒక్కటైనా అడిగిన పాపాన పోలేదు.

ఆ ఆకాశంలో ఓ మారుమూల కాటుకమ్మ, చీకటయ్య అనే రెండు నల్లచుక్కలు ఉండేవి. చూడ్డానికి చిన్నవే, బరువు మాత్రం అంతా ఇంతా కాదు. వెలుగు వాళ్లింట్లోకి వెళ్తే ఇక బయటికి రావడమంటూ లేదు. అందుకే వాళ్లని ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

వాళ్లిద్దరికీ పెళ్లి కుదిరింది. చుక్కల్లో పెళ్లంటే ఇద్దరూ ఒకే చుక్క అయిపోవడమే. దానికి ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలవాలి. ఒక్క ఇల్లు మరిచిపోయినా ఇక వాళ్ల అలక తీర్చలేం.

"తమ్ముడూ, మా పెళ్లికి పిలుపులు చేసిపెట్టవూ?" అని కాటుకమ్మ వెలుగుని బతిమాలింది.

వెలుగు దూరంగానే ఆగాడు. "నీ గుమ్మం తొక్కితే నేను తిరిగి రాలేను కదక్కా. పైగా దారిలో దుమ్ముమబ్బు అడ్డమొస్తే అక్కడే ఆగిపోతాను."

కాటుకమ్మకి ఏడుపొచ్చింది. "ఇన్నాళ్లూ మమ్మల్ని ఎవరూ చూడలేదు. పెళ్లి కూడా ఎవరికీ తెలియకుండా అయిపోతే, అసలు మేమున్నట్టే తెలియదు."

"నేను చెబుతాలేవే పిల్లా," అని కిందనుంచి ఓ గొంతు వినిపించింది. అది ఆకాశమ్మ. "నువ్వు కూర్చున్నదీ నా మీదే, వాళ్లు కూర్చున్నదీ నా మీదే. మంచానికి ఆ కొసన బరువైనవాళ్లు కదిలితే ఈ కొసన ఉన్నవాళ్లకి తెలియదూ? ఆ కదలికే మీ పెళ్లి బొట్టు. కాకపోతే అందరికీ పంచాలి కదా, దూరం వెళ్లేకొద్దీ బొట్టు చిన్నదైపోతుంది."

"చిన్నదైనా ఫరవాలేదు పిన్నీ. ఒక్క ఇల్లు కూడా వదలకు."

పెళ్లి మొదలైంది. ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరిగారు. తిరిగేకొద్దీ దగ్గరయ్యారు, దగ్గరయ్యేకొద్దీ జోరు పెరిగింది. ఒక్కటైన క్షణాన ఆకాశమ్మ ఒళ్లంతా జల్లుమంది.

ఆ వణుకు అలలై, వెలుగంత వేగంగా నలువైపులా బయల్దేరింది. దుమ్ముమబ్బుల్లోంచీ కొండల్లోంచీ ఆగకుండా పోయింది. అల తగిలినవాళ్లు ఓ రవ్వ నిలువునా సాగి అడ్డంగా నొక్కుకున్నారు, వెంటనే అడ్డంగా సాగి నిలువునా నొక్కుకున్నారు. మన భూమి దాకా వచ్చేసరికి ఆ బొట్టు ఎంత చిన్నదైందంటే, ఇక్కడ ఎవరికీ తెలియనే లేదు.

పెళ్లికి ఒక్కరూ రాలేదు. ఇద్దరూ కలిసి ఒక్కటైన నల్లచుక్క బెంగగా అడిగింది. "పిన్నీ, మన పిలుపు ఎవరికీ అందలేదా?"

"రాకపోతే రాకపోయారు గానీ, కదలనివాళ్లు మాత్రం ఒక్కరూ లేరే తల్లీ," అంది ఆకాశమ్మ.

అప్పటినుంచే, ఎక్కడ రెండు నల్లచుక్కలు ఒక్కటైనా ఆకాశం అలలు పంపుతూనే ఉంది. ఈ కథ వింటుండగా అలాంటిదొకటి నీలోంచి కూడా వెళ్లే ఉంటుంది. నీకు తెలియలేదు కానీ, నువ్వూ కదిలావు.