కోరమీసం దాచిన మాట

ఇప్పచెట్ల అడవిలో కుందేళ్లు, ఉడతలు, ముళ్లపందులు, లెక్కలేనన్ని ఎలుకలు ఉండేవి. బండల కింద నల్ల ఎలుకలు, వాగు ఒడ్డున తెల్ల ఎలుకలు కాపురముండేవి. రెండు వాడలూ పిల్లనిచ్చి పుచ్చుకునేవి.

ఒక ఏడు వేసవిలో ఆడ ఎలుకలకు వింత జబ్బు వచ్చింది. బుగ్గల మీద ఎర్రటి దద్దు లేచేది. కీళ్లు నొప్పి పెట్టేవి. కాళ్లు వాచేవి. గెంతులేసే పిల్లలు మూలన కూలబడేవారు.

"జబ్బు వాగు నీళ్లలో ఉంది. తెల్ల ఎలుకలే తెచ్చాయి," అన్నాడు నల్ల ఎలుకల పెద్ద కోరమీసం.

మంత్రసాని ఈతమ్మ ఒప్పుకోలేదు. ఆ అడవిలో సగం ఎలుకలకు పురుడు పోసింది ఆమే. "నీళ్లే కారణమైతే మగవాళ్లకూ రావాలిగా?" అంది. బొరియ బొరియకూ తిరిగి, "మీ అమ్మకుందా? మేనత్తకుందా?" అని అడిగింది.

చాలామంది నిజం చెప్పారు. కోరమీసం మాత్రం మీసం దువ్వాడు. "మా వంశం కడిగిన ముత్యం. మా అమ్మ ముసలితనంతో పోయింది."

అది అబద్ధం. అతని తల్లి వయసులో ఉండగానే, ఎర్రబడిన మొహంతో, వాచిన కాళ్లతో పోయింది.

కొన్నాళ్లకు ఈతమ్మ అందరినీ పిలిచింది. "ఇది అంటురోగం కాదు. ఒంటికి కాపలా కాసే శక్తే దారి తప్పి, సొంత ఒంటినే శత్రువనుకుని కొడుతోంది. ఆ గుణం తల్లి వైపు నుంచి కొంత, తండ్రి వైపు నుంచి కొంత వస్తోంది. రెండు వైపులా ఉంటే ముప్పు ఎక్కువ. అయినా అందరికీ జబ్బు రాదు, ఎక్కువగా ఆడవాళ్లకే వస్తోంది. ఎండలో తిరిగినవాళ్లకు ముందు వస్తోంది. ఆ గుణం ఉన్న ఇళ్ల ఆడపిల్లలను నీడ పట్టున ఉంచండి. నొప్పి అనగానే నాకు చెప్పండి."

కోరమీసానికి ఇద్దరు కూతుళ్లు, కొర్ర, సామ. భార్య తెల్ల ఎలుక.

"మా మేనత్తకు ఈ జబ్బు ఉండేది. మీ వైపు కూడా ఉంటే చెప్పవయ్యా. పిల్లల ప్రాణం," అని ఆమె బతిమాలింది.

"మా వైపు లేదన్నానా!" అని కసిరాడు కోరమీసం. తన మాట నెగ్గించుకోవడానికి కొర్రను మిట్టమధ్యాహ్నం ఇప్పపూలు ఏరడానికి పంపాడు.

"నాన్నా, వేళ్లు నొప్పిగా ఉన్నాయి."

"సోమరి మాటలు కట్టిపెట్టు. వెళ్లు."

పది రోజులకు కొర్ర బుగ్గలు ఎర్రబడ్డాయి. కాళ్లు వాచాయి. లేవలేకపోయింది. ఆ మొహంలో కోరమీసానికి తన తల్లి కనిపించింది. ఒక్క పరుగున ఈతమ్మ దగ్గరికి వెళ్లాడు.

"మా అమ్మదీ ఇదే జబ్బమ్మా. పరువు పోతుందని దాచాను," అని ఏడ్చాడు.

"ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. పద, సామనైనా కాచుకుందాం," అంది ఈతమ్మ.

కొర్ర బతికింది. కానీ మళ్లీ ఎప్పుడూ మునుపటిలా పరుగెత్తలేదు. రోజూ తిండి మోసుకొచ్చి తండ్రే తినిపించేవాడు. సామ నీడలోనే తిరిగేది. మరుసటి వేసవిలో ఆమె బుగ్గ మీద చిన్న దద్దు లేచింది. ఆ పూటే ఈతమ్మకు చూపించింది. ముదరకముందే అది అణిగిపోయింది.

సామను చూసుకోవడానికి వాగు ఒడ్డు నుంచి పెళ్లివారు వచ్చారు. కోరమీసం లేచి నిలబడ్డాడు. "మా అమ్మకు ఈ జబ్బు ఉండేది. మా పెద్దమ్మాయికి ఉంది. సామకూ రావచ్చు," అన్నాడు.

పెళ్లికొడుకు నాయనమ్మ ముందుకు జరిగి అంది: "మా చెల్లెలికీ ఉండేదయ్యా. చెప్పి మంచిపని చేశావు. రేపు పిల్లలు పుడితే ముందునుంచే కాచుకుందాం. ఎండపొద్దు పనులన్నీ మావాడు చేస్తాడులే."

నీతి: వంశంలో జబ్బు ఉండటం తప్పు కాదు, దాన్ని దాచడమే తప్పు. తెలిసిన ముప్పు నుంచే కాచుకోగలం.