మూడోమాట గంగమ్మ

పెన్నేటి దక్షిణపు గట్టున బస్సు దిగి, చీనీతోటల వెంబడి కాస్త దూరం నడిస్తే నీలితొట్లపల్లె వస్తుంది. ఊరి మొదట్లోనే మూడోమాట గంగమ్మ గుడి ఉంది. గాలిగోపురం కోసం వెతుక్కుంటూ భక్తులు గుడిని దాటి ఊళ్ళోకి వెళ్ళిపోవడం ఇక్కడ మామూలే. ఈ గుడికి గోపురం లేదు. ఇతర క్షేత్రాలలో మెట్లెక్కి అమ్మను దర్శిస్తారు, ఇక్కడ మెట్లు దిగి దర్శించాలి. గర్భగుడి అంటే ఒక పాత రాతి తొట్టి. ఆ తొట్టి అడుగున, ముఖమంతా నీలం పట్టిన రాతిలో, అమ్మ పడమటి ముఖంగా కూర్చుని ఉంటుంది. ముందున్న మండపం ఒకప్పుడు గోదాము. దాని టేకు తలుపును ఏనాడూ మూయరు. దొంగలు రారా అని అడిగిన వారికి ఊరివారు చెప్పే సమాధానం ఒకటే.

"వస్తే రానీలేప్పా. వాళ్ళకూ ఏదో కష్టముండబట్టే గదా వచ్చేది!"

ఇక్కడ సహస్రనామ పూజ లేదు, నీలిపాట ఉంది. వచ్చిన భక్తురాలు తన కష్టాన్ని ఒక మాటగా పాడుతుంది. చుట్టూ ఉన్నవారందరూ అదే మాటను మళ్ళీ పాడతారు. మూడో మాట మాత్రం మొదట పాడినవారే పాడాలి. తెలుగులో నీలి ఏడుపు అంటే దొంగ ఏడుపని అర్థం. ఆ అర్థం మా ఊరి పొలిమేర దాటి లోపలికి రాదు. రాజులను పొగిడే పాటలకు ఈ దేశంలో కొదవ లేదు, దేవుళ్ళను పొగిడే పాటలకు అసలే లేదు. కష్టం చేసిన చేతులు తమ గోడు తాము పాడుకున్న పాటకు గుడి కట్టుకున్నది మా ఊరు. ఈ సంగతి చెప్పుకోవడానికి మాకు మొహమాటం ఏమీ లేదు.

పూర్వం ఇక్కడ ఏటిగట్టు మీద గంగమ్మ ఒక మామూలు రాయిగా వెలసి ఉండేది. ఏరు దాటేవారు ఆ రాతికి పసుపు రాసి దాటేవారు. ఆ కాలంలో ఒక దొర వచ్చి నీలిమందు కార్ఖానా పెట్టాడు. తొట్లు కట్టడానికి దొరికిన రాయినల్లా బండ్ల మీద తోలించాడు. అందులో గంగమ్మ రాయి కూడా పోయింది. పునాది వేసిన పరాయి ఊరి ఉప్పరులు తెలియక దానిని తొట్టి అడుగున పరిచి, పైన సున్నం పూసి నున్నగా మెత్తారు. అమ్మ ఎటు పోయిందో తెలియక ఊరివారు కొన్నాళ్ళు వెతికి, ఏరు తీసుకుపోయి ఉంటుందని ఊరుకున్నారు.

నీలిమందు చేయడం నరకం. కోసిన నీలి చెట్లను పై తొట్టిలో నానవేస్తారు. ఆకు మురిగిన పచ్చటి నీటిని కింది తొట్టిలోకి వదులుతారు. ఆడా మగా నడుములోతు ఆ నీటిలో ఎదురెదురు వరసలుగా నిలబడి తెడ్లతో కొట్టాలి. కొట్టగా కొట్టగా నురగ లేచి, నీరు నీలమై, మందు అడుగుకు దిగుతుంది. సమయానికి కొట్టకపోతే తొట్టెడు నీరూ పులిసి పారబోతకు తప్ప దేనికీ పనికిరాదు. అందుకే తెడ్డు ఆగకుండా చూడడానికి దొర ఒక మేస్త్రీని పెట్టాడు. అతని పేరు చెంగల్రాయుడు. మాట్లాడితే పని చెడుతుందని మాటలు మాన్పించాడు. పాడితే తెడ్లు ఒక్క లెక్కన పడతాయని పాటను మాత్రం ఉండనిచ్చాడు. తెలివిగలవాడే, కానీ పాట కూడా మాటేనని అతనికి తట్టలేదు.

పాటలో ఒకరు తమ కష్టం అనేవారు. మేస్త్రీ తల తిప్పి అన్నదెవరో చూసేలోగా ఎదుటి వరసా ఈ వరసా కలిసి అదే మాట అనేవి. ఇక ఎవరిని పట్టుకుంటాడు? "ఎవరన్నారా మాట?" అని అరిస్తే, "అందరమూ అంటిమి గదా సామీ" అనేవారు. ఒకరి మాటను రెండోసారి అందరూ అనడం అలా పుట్టింది. అది సంగీతం కోసం పుట్టింది కాదు, మనిషిని కాచుకోవడానికి పుట్టింది. మూడో మాట చోట మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. అక్కడ తెడ్డు చప్పుడే ఉండేది. నీటిలోకి వంగి తెడ్డు దించినప్పుడు గొంతు కూడా దానితో కిందికి జారేది. నీలిపాటలో ఈనాటికీ స్వరం నిటారుగా నిలవక జారుతూ ఉండడానికి కారణం ఆ వంగిన నడుములే. సంగీతం తెలిసిన పెద్దమనుషులు కొందరు దానిని అపస్వరం అన్నారు. వారిని ఒకసారి తొట్టిలో దిగి పాడమని మా మనవి.

ఆ తొట్టిలో తెడ్డు వేసేవారిలో తిప్పక్క ఒకతె. ఆమె పెనిమిటి ఓబన్న సేద్యగాడు. చేనంతా నీలి విత్తాలని దొర ఉత్తరువు. ఇంట్లో గింజ లేక, ఓబన్న నీలి చాళ్ళ నడుమ కొర్రలు చల్లాడు. కొర్ర వెన్ను వేసి తల ఊపితే ఎవరికి కనపడదు? దొర మనుషులు చేను దున్ని పారేసి, ఓబన్నను గోదాములో వేసి తలుపు బిగించారు. తిప్పక్క మేస్త్రీ కాళ్ళ మీద పడింది.

"నీలి ఏడుపులు నా దగ్గర ఏడవొద్దు. పోయి తెడ్డెయ్యి" అన్నాడు చెంగల్రాయుడు.

ఆమె పోయి తెడ్డు వేసింది. వేయకపోతే గోదాములో ఓబన్నకు పోసే ఆ కాస్త గంజి కూడా ఆగిపోతుంది. రోజూ గోదాము తలుపు చూస్తూ పాడేది.

*పచ్చనాకు నానబెడితే నీలమాయె నా చేతులు.*

అందరూ అదే మాట అనేవారు. ఆ పైన తెడ్లు పడేవి. రోజులు గడిచిన కొద్దీ గోదాము లోపల దగ్గు వినపడసాగింది. కొంతకాలానికి ఆ దగ్గు కూడా సన్నగిల్లింది. మనిషి దక్కడని తిప్పక్కకు అర్థమైంది.

ఒకనాటి మధ్యాహ్నం ఆమె పిప్పి ఆకు కుప్ప మీద ఒరిగి కునుకు తీస్తూండగా గంగమ్మ కలలో కనిపించింది. నెత్తిన నీలి నురగ, కళ్ళలో విసుగు.

"ఏమే తిప్పక్కా! మీ కాళ్ళ కిందనే ఉండాను. రోజూ నా నెత్తినే కొడతాండారు. పోనీలే, బిడ్డలు గదా అని ఓర్చుకుంటి. మీ ఏడుపు ఒగసారి ఇంటి, రెండోసారీ ఇంటి. ఏం గావాల్నో ఒగురన్నా చెప్పరే? మూడో మాట ఏదే?"

"చెప్తే అన్నోళ్ళెవరో కనుక్కుంటారు తల్లీ."

"కనుక్కోనీ. ఏడుపు అందరిదీ అయితాది. అడిగేది మటుకు ఎవరి నోటితో వాళ్ళే అడగాల."

తిప్పక్క లేచేసరికి పై తొట్టి తూము తీశారు. పచ్చటి నీరు కింది తొట్టిలోకి దిగుతూ ఉంది. ఆమె కల సంగతి ఎవరికీ చెప్పలేదు. తొట్టిలో దిగి మొదటి మాట అంది. అందరూ అన్నారు. తెడ్లు పైకి లేచాయి. అవి పడవలసిన చోట ఆమె గొంతు లేచింది.

*తలుపు దీసి ఓబన్ననిడిస్తే దిగుతాయి మా తెడ్లు.*

మా తెడ్లు అంది కానీ, ఆ సమయానికి అది ఆమె ఒక్కతె తెడ్డే. మిగిలినవారితో ఆమె చెప్పనూ లేదు, ఒప్పించనూ లేదు. ఎదుటి వరసలోని ముసలి సుంకవ్వ తెడ్డు సగం దాకా దిగి అక్కడే ఆగింది. సుంకవ్వ మేస్త్రీని చూసింది, గోదాము తలుపును చూసింది, తెడ్డును మళ్ళీ పైకెత్తింది. పక్కవారు ఆమెను చూశారు. తొట్టిలో ఒక్క తెడ్డూ నీటిని తాకలేదు. ఆ కార్ఖానా పుట్టినప్పటి నుంచి అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు.

మేస్త్రీ తిట్టాడు, బెత్తం ఎత్తాడు, చివరకు బతిమాలాడు. తెడ్లు దిగలేదు. తొట్టిలో నీరు పులియసాగింది. వాసన తగిలి దొర బంగళా దిగి వచ్చాడు. అతనికి తెలుగు రాదు. ఏమంటున్నారని మేస్త్రీని అడిగాడు. చెంగల్రాయుడు చిక్కులో పడ్డాడు. ఆ మాటను దొర భాషలోకి మార్చాలంటే ముందు తన నోటితో అనుకోవాలి కదా! "తలుపు దీసి ఓబన్ననిడిస్తే..." అని అతడు గొణిగాడో లేదో, రెండు వరసలూ ఆ మాటను అందుకుని ఏరు అదిరేలా పాడాయి. మొదటి మాట ఎవరు అన్నా రెండోసారి అందరూ అనడం వారికి అలవాటే మరి. మేస్త్రీయే పాట ఎత్తినట్టయింది. గుడిలో ఈ కథ చెప్పేటప్పుడు ఈ ఘట్టం వస్తే పిల్లలతో సహా అందరూ నవ్వుతారు. నవ్వడం ఆచారమే, భక్తులు సందేహించనక్కరలేదు.

ఒక్క మనిషిని పట్టుకుని తొట్టెడు సరుకు పోగొట్టుకోవడం దొరకు గిట్టుబాటు కాలేదు. తలుపు తీయించాడు. ఓబన్న వెలుతురుకు కళ్ళు చికిలించుకుంటూ, గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. చిక్కి శల్యమైనా మనిషి బతికే ఉన్నాడు. తిప్పక్క తడి గుడ్డలతోనే పోయి అతన్ని పట్టుకుంది.

"లోపల రోజూ పాట ఇంటాంటి. అందురి గొంతులూ ఒగటిగానే ఉండె, నువ్వుండావో లేవో గూడా తెలీకపాయ. ఇయ్యాల మూడో మాట ఇంటి. ఇది నా తిప్పి గొంతని ఆడికాడికే లేసి నిలబడితి" అన్నాడు ఓబన్న.

అప్పుడు తెడ్లు దిగాయి కానీ నీరు అప్పటికే చెడింది. దానిని వదిలేయగా, పులిసిన నీరు తిన్న చోట సున్నం పెచ్చులూడి, తొట్టి అడుగున ఏటిగట్టు మీది పాత రాయి బయటపడి, అందులో గంగమ్మ ముఖం కనిపించింది. తాము ఇన్నాళ్ళూ ఎవరి నెత్తిన తెడ్లు వేశారో తెలిసి అందరూ లెంపలు వేసుకున్నారు. ఓబన్న చేలో దున్నగా మిగిలిన కొర్రలు ఏరి తెచ్చి, ఆ తొట్టిలోనే అమ్మకు నైవేద్యం పెట్టారు. ఈనాటికీ ఇక్కడ ప్రసాదం బెల్లం కలిపిన కొర్రన్నమే. పులిహోర అడిగి భంగపడవద్దు.

తరవాత యంత్రాలలో పుట్టిన రంగు వచ్చి నీలిమందు బేరం పడిపోయింది. దొర పోయాడు, పాట పోలేదు. ఓబన్న ఒక తెడ్డుకు సొరబుర్ర కట్టి, తీగ బిగించి, దొర తాగి పారేసిన సీసా మెడను ఆ తీగ మీద జారిస్తే తిప్పక్క గొంతు జారినట్టే పలికింది. దొర వల్ల ఈ ఊరికి జరిగిన మేలు అదొక్కటే. ఊరివారు కూలికి పోయిన చోటికల్లా పాట వారి వెంట పోయింది. రైలు కట్టల మీద గునపం దెబ్బకు పాడారు, ముగ్గురాయి గనుల్లో సమ్మెట దెబ్బకు పాడారు. హార్మోనియం వచ్చి చేరింది, డప్పు వచ్చి చేరింది. ఈమధ్య మా కుర్రకారు కరెంటు గిటారు తెచ్చారు. పెద్దలు ముక్కున వేలేసుకున్నారు గానీ, దాని మీద సీసా మెడ జారేసరికి వేలు దానంతటదే దిగింది.

తిప్పక్క మనవరాలు కదిరమ్మను గ్రామఫోను ప్లేట్ల కంపెనీవారు మద్రాసు పిలిపించిన సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ప్లేటులో చోటు తక్కువ కనుక, మొదటి మాట రెండుసార్లు ఎందుకు, ఒకసారి చాలునని వారు అన్నారు. కదిరమ్మ లేచి నిలబడింది.

"రెండోసారి అందురూ అనకపోతే, మొదుటిసారి అన్నోళ్ళు దొరికిపోతారు సామీ. మా వోళ్ళను నేను పట్టియ్యను."

ఆమె ప్లేటు ఇవ్వకుండానే తిరిగి వచ్చింది. ఊరు మేళతాళాలతో ఎదురు వెళ్ళింది.

సముద్రాలకు అవతల అమెరికాలో, పత్తి చేలలో బానిసలుగా నలిగిన నల్లవారి బిడ్డలు కూడా ఒక మాట అని, దానినే మళ్ళీ అని, మూడో మాటతో ముగించే పాటలు కట్టారు. వారూ తీగ మీద సీసా మెడ జారించారు. ఆ పాట చేలు దాటి పట్నాలకు పోయి, కరెంటు గిటారెక్కి, లోకమంతా పాకింది. దానిని బ్లూస్ అంటారు. బ్లూ అంటే నీలమే. మా కుర్రవాళ్ళు మొదటిసారి అది విని, మన పాటను ఎత్తుకుపోయారని రచ్చకు దిగారు. పెద్దలు వారిని కూర్చోబెట్టి, కన్నీళ్ళు ఎవరి దగ్గరా బదులు తెచ్చుకోనక్కరలేదని నచ్చజెప్పారు. ఇప్పుడు జాతరలో ఆ దూరపు అక్కచెల్లెళ్ళ పేర కూడా ఒక తెడ్డు వేస్తారు.

నేటికీ ప్రతి మంగళవారం తొట్టి చుట్టూ ఊరివారు తెడ్లు పట్టుకుని నిలబడతారు. ఇక్కడ గోత్రం అడగరు. "మూడో మాట తెచ్చుకుంటివామ్మా?" అని అడుగుతారు. భక్తురాలు మొదటి మాట పాడితే, అది ఏమైనా సరే, అందరూ దానిని తమదిగా పాడతారు. ఆ పైన తెడ్లెత్తి ఎదురుచూస్తారు. ఎవరూ మాట అందించరు, తొందరపెట్టరు. కొందరికి గొంతు పెగలదు. అటువంటి వారి పేర ఒక తెడ్డు గోడకు ఆనించి ఉంచుతారు. ఏళ్ళు గడిచాక వచ్చి మూడో మాట పాడి, తమ తెడ్డు తామే దించి పోయినవారు ఉన్నారు. బంధువు చెరలో ఉన్నవారికి, దూరదేశంలో మనిషి జాడ తెలియనివారికి, ఇంట్లోనే నోరు మూతపడినవారికి ఈ తల్లి తప్పక పలుకుతుందని పెద్దల మాట.

గోడకు ఇంకా తెడ్లు ఆని ఉన్నాయి. అందులో మీది ఉండవచ్చు. మొదటి మాట అనండి, రెండోసారి అనడానికి మేమున్నాం. మూడోది అనడానికి మీరు ఎప్పుడు వచ్చినా సరే, తలుపు తీసే ఉంటుంది.