గోడెక్కిన నీలి

రాజుగారి అద్దకాల అధికారి వీరభద్రయ్య నీలిమురుగంతా వాగులోకి వదిలేవాడు. ఆ నీళ్ళు తాగి గొడ్లు చచ్చేవి. అడిగితే, "ఆ రంగు నాది కాదు, వాగుదే!" అని నిండుసభలో ఒట్టేశాడు. తలపాగా పెద్దదైతే సిగ్గుకు చోటుండదు కాబోలు.

ఆవును పోగొట్టుకున్న కుమ్మరి పోలమ్మకు ఒళ్ళు మండింది. బంకమన్ను పుల్లగంజిలో నానేసి, కాల్చి, దంచి, వాగునీళ్ళ బానల్లో కలిపింది. రంగంతా మన్ను లాగేసుకుంది, నీళ్ళు తేటపడ్డాయి. అడుగున మిగిలిన నీలిమన్నుతో తన ఇంటి గోడలన్నీ అలికింది.

ఆ గోడలు చూసి వీరభద్రయ్య ఆమెను సభకు ఈడ్చాడు.

"ప్రభూ, ఇది నా నీలి దొంగిలించింది!"

"వాగులోంచి తోడుకున్నానయ్యా."

"వాగులో పోయినా నా రంగు నాదే!"

పోలమ్మ రాజుకు దణ్ణం పెట్టింది. "విన్నారుగా దొరా! అయ్యగారి సొత్తు వాగునిండా ఉంది. మన్ను నేనిస్తాను, దిగి తోడుకోమనండి."

రాజు అదే ఆజ్ఞాపించాడు. నీళ్ళు వడగట్టడానికి ఆ పెద్ద తలపాగా బాగా పనికొచ్చింది.